పోకెమాన్ గో: ఒక్క బంతితో ఎనిమిది బంతుల పని చేయించుకోవడం ఎలా?

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఏడవడం ఒక్కటే తక్కువ. "అన్నా, రేక్వాజా పోయింది. పన్నెండు బంతులు వేశా. పన్నెండిటికీ గోల్డెన్ రాజ్ బెర్రీ పెట్టా. ఒక్కటి కూడా గురి తప్పలేదు. అయినా పోయింది. ఈ గేమ్ కావాలనే మోసం చేస్తుంది కదా?"

స్క్రీన్ రికార్డింగ్ ఉంటే పంపమన్నాను. పంపాడు. వాడు చెప్పింది నిజమే, ఒక్క బంతి కూడా పక్కకి పోలేదు. కానీ పన్నెండూ నేరుగా వేసినవే. ఒక్కసారి కూడా స్క్రీన్ మీద నైస్, గ్రేట్, ఎక్సలెంట్ అన్న మాట కనపడలేదు. కూర్చుని లెక్క వేస్తే, వాడికి రేక్వాజా దొరికే అవకాశం మొత్తం మీద 40 శాతం వచ్చింది. అవే బంతులు, అవే బెర్రీలు ఉంచి, వేలు కదిపే పద్ధతి ఒక్కటి మార్చి ఉంటే 72 శాతం. అంటే గేమ్ మోసం చేయలేదు. మావాడే తన దగ్గరున్న దాంట్లో సగానికి పైగా వాడకుండా వదిలేశాడు.

ఈ ఆర్టికల్‌లో ఆ మిగతా సగం సంగతి చూద్దాం. కాయిన్స్ కొనక్కర్లేదు, కొత్త ఫోన్ అక్కర్లేదు.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

ప్రతి పోకెమాన్‌కి బేస్ క్యాచ్ రేట్ అని ఒక అంకె ఉంటుంది. చార్మాండర్, స్క్విర్టిల్ లాంటి స్టార్టర్లకి 20 శాతం. రేక్వాజా లాంటి చాలా లెజెండరీలకి 2 శాతం మాత్రమే. దీన్ని పోకెమాన్ లెవెల్‌ని బట్టి గేమ్ కొంచెం సవరిస్తుంది. లెవెల్ పెరిగేకొద్దీ పట్టుకోవడం కష్టమవుతుంది. రెయిడ్‌లో గెలిచాక దొరికే పోకెమాన్ లెవెల్ 20లో ఉంటుంది. ఆ లెవెల్‌లో రేక్వాజా మీద మామూలు బంతి ఒకటి నేరుగా వేస్తే పట్టుబడే అవకాశం సుమారు 1.67 శాతం. వెదర్ బూస్ట్ ఉంటే అది లెవెల్ 25లో వస్తుంది కాబట్టి 1.5 శాతానికి తగ్గుతుంది. బూస్ట్ ఉన్న రోజు పవర్ ఎక్కువున్న పోకెమాన్ వస్తుందని సంబరపడతాం, కానీ దానికి కట్టే ధర ఇది.

ఈ అంకెలన్నీ గేమ్ ఫైళ్లు తవ్వి, బంతులు వేసి లెక్కపెట్టి ప్లేయర్లు తేల్చినవి. అప్‌డేట్‌లో ఎప్పుడైనా మారొచ్చు. అయితే అసలు సూత్రం మాత్రం ఏళ్ల తరబడి అలాగే నిలబడింది.

ఇప్పుడు అసలు విషయం. బెర్రీకి, బాల్ రకానికి, వేసే తీరుకి, మెడల్‌కి వేర్వేరు బోనస్ గుణకాలు ఉన్నాయి. మామూలు రాజ్ బెర్రీకి 1.5, సిల్వర్ పినాప్‌కి 1.8, గోల్డెన్ రాజ్‌కి 2.5. గ్రేట్ బాల్‌కి 1.5, అల్ట్రా బాల్‌కి 2. కర్వ్‌బాల్‌కి 1.7. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి గుణిస్తారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. గోల్డెన్ రాజ్ పెడితే 20 శాతం కాస్తా 50 శాతం అయిపోతుందనుకుంటారు. అలా కాదు. గుణకం 2.5 అంటే, మీరు వేసిన ఒక్క బంతి రెండున్నర మామూలు బంతులతో సమానం అని అర్థం. గణితంలో చెప్పాలంటే తప్పించుకునే అవకాశానికి ఆ గుణకం ఘాతం అవుతుంది. మాటల్లో చెప్పాలంటే, ఒక బంతిలోపల ఎన్ని బంతులు కుక్కగలిగాం అన్నదే లెక్క.

మావాడి సంగతి దీంతోనే చూడండి. గోల్డెన్ రాజ్ ఒక్కటే ఉంది కాబట్టి వాడి ఒక్కో బంతి విలువ రెండున్నర. పన్నెండు బంతులంటే 30 మామూలు బంతులు. ఒక్కోటి 1.67 శాతం చొప్పున 30 ప్రయత్నాలు చేస్తే 40 శాతం దగ్గర ఆగుతుంది.

వాడే గనక కర్వ్ వేసి, గ్రేట్ త్రో కొట్టి ఉంటే? 2.5ని 1.7తో, మళ్లీ 1.5తో గుణిస్తే ఒక్కో బంతి విలువ 6.4 దాకా వస్తుంది. పన్నెండు బంతులు 76 బంతులవుతాయి. ఆ 72 శాతం వచ్చింది ఇక్కడి నుంచే.

కర్వ్‌బాల్: ఖర్చు లేని గోల్డెన్ రాజ్

కర్వ్ అంటే తెలిసిందే కదా. బంతి మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పితే మెరుపులు వస్తాయి. అప్పుడు కొంచెం పక్కకి విసిరితే అది గాల్లో వంగి వచ్చి తగులుతుంది. ఏ వైపు తిప్పితే ఏ వైపు వంగుతుందో రెండు మూడు బంతులు వేస్తే మీ వేలికే తెలిసిపోతుంది. కుడిచేతి వాటం వాళ్లు, ఎడమచేతి వాటం వాళ్లు తమకి వీలైన వైపు ఒక్కటే ఎంచుకుని దానికే అలవాటు పడటం మంచిది. రెండు వైపులా నేర్చుకుందామని నేను ఒక నెల వృథా చేశాను.

కర్వ్ ఒక్కదాని విలువే 1.7. దానికి గ్రేట్ త్రో తోడైతే 2.55. గోల్డెన్ రాజ్ బెర్రీ విలువ ఎంత? 2.5. అంటే రెయిడ్లు ఆడి సంపాదించుకునే గోల్డెన్ రాజ్ ఇచ్చే బలం, మీ బొటనవేలు ఉచితంగా ఇస్తుంది. పైగా బ్యాగ్‌లో అయిపోదు.

బయట తిరిగే పోకెమాన్ల దగ్గర కూడా ఇదే. లెవెల్ 30 చార్మాండర్ ఎదురైందనుకోండి. ఎర్ర బంతి నేరుగా వేస్తే 14 శాతం లోపే. అల్ట్రా బాల్ తీసి నేరుగా వేస్తే 25 శాతం. అదే ఎర్ర బంతిని కర్వ్ చేసి గ్రేట్ త్రో కొడితే 31 శాతం! బాల్ మార్చకుండానే అల్ట్రా బాల్‌ని దాటేశాం. ఇంక అల్ట్రా బాల్, రాజ్ బెర్రీ, కర్వ్, గ్రేట్ త్రో నాలుగూ కలిస్తే 67 శాతం.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ లాంటి చోట నడిచేవాళ్లకి ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. అడుగడుగునా పోకేస్టాప్ ఉంటే బంతులు వాటంతటవే నిండుతాయి. మా ఊళ్లో బస్టాండ్ దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి, అంతే. అలాంటి ఊళ్లో ఆడేవాళ్లకి బంతి అంటే బంగారం. షాపులో కొనాలంటే కాయిన్స్ కావాలి, జిమ్ మీద కూర్చోబెడితే రోజుకి 50 కాయిన్స్‌కి మించి రావు. కర్వ్ నేర్చుకోవాల్సింది ముందు మనలాంటివాళ్లమే.

రింగు చిన్నదయ్యేదాకా ఆగాలా?

బంతి మీద వేలు పెట్టగానే పోకెమాన్ చుట్టూ రంగు రింగు ఒకటి కుంచించుకుపోతూ కనిపిస్తుంది. బంతి ఆ రంగు రింగు లోపల తగలాలి. తగిలిన క్షణంలో రింగు పెద్దగా ఉంటే నైస్, మధ్యలో ఉంటే గ్రేట్, చిన్నగా ఉంటే ఎక్సలెంట్. రింగు ఎంత చిన్నదైతే గుణకం 2కి అంత దగ్గరవుతుంది. సగటున నైస్‌కి 1.15, గ్రేట్‌కి 1.5, ఎక్సలెంట్‌కి 1.85 అనుకోవచ్చు. రింగు బయట తగిలితే బోనస్ ఏమీ లేదు. పోకెమాన్ పట్టుబడొచ్చు, కానీ అది మామూలు బంతి కిందే లెక్క.

రింగు రంగు గురించి ఒక మాట. ఆకుపచ్చ అంటే తేలిక, ఎరుపు అంటే కష్టం, మధ్యలో పసుపు, నారింజ. బెర్రీ పెట్టినా, మంచి బాల్ తీసినా రంగు మారుతుంది. కానీ మీరు కర్వ్ వేయబోతున్నారో, ఎక్సలెంట్ కొట్టబోతున్నారో రింగుకి ముందే తెలియదు కదా. అందుకే ఎర్ర రింగు చూసి నీరుగారిపోవద్దు. మీ వేలి బలం ఆ రంగులో కలిసి లేదు.

మరి ఎప్పుడూ ఎక్సలెంట్‌కే ప్రయత్నించాలా? యూట్యూబ్ వీడియోలన్నీ అలాగే చెప్తాయి. నేను మాత్రం వద్దంటాను. మళ్లీ రేక్వాజాతోనే చూద్దాం. గోల్డెన్ రాజ్, కర్వ్, 1.3 విలువున్న మెడల్ ఉన్నాయనుకోండి. ఎక్సలెంట్ కోసం గురిపెట్టి పన్నెండులో ఎనిమిదే తగిలాయి, నాలుగు పక్కకిపోయాయి. దొరికే అవకాశం 75 శాతం. గ్రేట్ చాలనుకుని వేస్తే పదకొండు తగిలాయి, ఒకటే పోయింది. 78 శాతం. చేయి తిరిగినవాళ్లు పన్నెండూ ఎక్సలెంట్ కొడితే 87 దాకా వస్తుంది, కాదనను. కానీ అంత గురి కుదిరేదాకా గ్రేట్‌ని నమ్ముకున్నవాడే లాభపడతాడు. గురి తప్పిన బంతి విలువ సున్నా. బెర్రీ మాత్రం పోదు, బంతి తగిలి పోకెమాన్ బయటికొస్తేనే అది ఖర్చవుతుంది. బెర్రీ మిగిలింది కదా అని సంతోషిస్తాం గానీ, రెయిడ్‌లో కరువు బంతులకే.

సర్కిల్ లాక్ అనే కిటుకు

రెయిడ్‌లో వచ్చే పోకెమాన్లు మాటిమాటికీ ఎగిరి దాడి చేస్తాయి, ఆ టైంలో బంతి తగిలినా వెనక్కి కొట్టేస్తాయి. ఇక్కడే సర్కిల్ లాక్ పనికొస్తుంది. బంతి మీద వేలు పెట్టి, రింగు మీకు కావలసిన సైజుకి రాగానే బంతి విసరకుండా వేలు తీసేయండి. రింగు ఆ సైజు దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు కదలకుండా కూర్చోండి. పోకెమాన్ దాడి మొదలుపెట్టగానే బంతి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టండి. దాడి ముగుస్తుందనగా విసిరేయండి. అది తిరిగి మామూలు స్థితికి వచ్చే క్షణానికి మీ బంతి అక్కడ ఉంటుంది, రింగు మీరు ఆపిన సైజులోనే ఉంటుంది.

ఇందులో కష్టమంతా ఓపికే. దాడి ఎప్పుడు చేస్తుందో తెలియదు, ఒక్కోసారి చాలాసేపు ఊరికే ఊగుతూ ఉంటుంది. కానీ రెయిడ్‌లో బంతులు ఉన్నంతవరకు పోకెమాన్ పారిపోదు. తొందర ఎందుకు? మావాడి వీడియోలో ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య ఊపిరి తీసుకునేంత సమయం కూడా లేదు. ఒక్కో పోకెమాన్ దాడికి పట్టే టైం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మొదటి దాడిని బంతి వేయకుండా చూసి గుర్తుపెట్టుకోవడం నా అలవాటు.

మెడల్స్‌ని మర్చిపోతున్నారు

ఒక టైప్ పోకెమాన్లని 10 పడితే కాంస్యం, 50కి వెండి, 200కి బంగారం, 2,500కి ప్లాటినం మెడల్ వస్తాయి. ప్రొఫైల్‌లో అందంగా కనపడటానికే అనుకుంటారు చాలామంది. వీటికి వరుసగా 1.1, 1.2, 1.3, 1.4 గుణకాలు ఉన్నాయి. పోకెమాన్‌కి రెండు టైపులుంటే రెండింటి సగటు తీస్తారు. రేక్వాజా డ్రాగన్, ఫ్లయింగ్. పిచ్చుకల్లా ఎక్కడపడితే అక్కడ దొరికే పిజ్జీలనీ స్పియరోలనీ పట్టీ పట్టీ ఫ్లయింగ్‌లో ప్లాటినం తెచ్చుకున్నారు, డ్రాగన్‌లో వెండే ఉంది అనుకోండి. సగటు 1.3.

ఇప్పుడు అన్నీ గుణించండి. గోల్డెన్ రాజ్ 2.5, కర్వ్ 1.7, గ్రేట్ త్రో 1.5, మెడల్ 1.3. వచ్చేది దాదాపు 8.3. టైటిల్‌లో ఎనిమిది బంతులన్నది ఇదే. పన్నెండు ప్రీమియర్ బంతులు వంద మామూలు బంతులతో సమానమవుతాయి, అవకాశం 81 శాతానికి చేరుతుంది. ఎవరికీ వద్దనిపించే పిజ్జీని కూడా నేను వదలకపోవడానికి కారణం ఇది.

81 శాతం అంటే, అన్నీ సరిగ్గా చేసినా ఐదు రెయిడ్లలో ఒకటి పోతుందన్నమాట. ఇది కూడా ముందే తెలుసుకోవాలి. పక్కనున్న ఫ్రెండ్‌కి మొదటి బంతికే పడి, మీకు పన్నెండో ఎక్సలెంట్‌కి కూడా పడకపోవచ్చు. ప్రతి బంతీ కొత్త పాచిక. ముందు పదకొండు విఫలమయ్యాయి కదా అని పన్నెండో దానికి జాలి చూపించదు.

బంతి ఊగుతున్నప్పుడు స్క్రీన్ నొక్కితే?

ఏమీ కాదు. గేమ్‌బాయ్ రోజుల్లో బంతి ఊగుతుంటే బటన్లు గట్టిగా నొక్కిపట్టుకునేవాళ్లు, అలా చేస్తే పడుతుందని ప్రపంచమంతా నమ్మింది. అప్పుడూ పనిచేయలేదు. గోలో బంతి తగిలినప్పుడే ఫలితం తేలిపోతుంది, తర్వాత ఊగడమంతా మనకి చూపించే బొమ్మ. నానాబ్ బెర్రీ పెడితే పట్టుబడే అవకాశం పెరుగుతుందన్నది కూడా తప్పే. అది పోకెమాన్ కదలికల్ని తగ్గిస్తుంది, గురి కుదరడానికి సాయపడుతుంది అంతే. మామూలు పినాప్ క్యాండీ రెట్టింపు చేస్తుంది, పట్టుకోవడంలో సాయం లేదు.

ఫోన్ వైపు నుంచి చేయాల్సినవి

మన సైట్ కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ముందుగా ఏఆర్ ఆఫ్ చేయండి. ఏఆర్‌లో చేయి కదిలితే పోకెమాన్ కూడా కదులుతుంది, కర్వ్ అలవాటు కావడం కష్టం. రెండోది స్క్రీన్ గార్డ్. అంచుల దగ్గర లేచిపోయిన గార్డ్, గీతలు పడిన గార్డ్ ఉంటే వేలు మధ్యలో ఆగుతుంది, బంతి కాళ్ల దగ్గరే పడుతుంది. గేమ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నేటివ్ రిఫ్రెష్ రేట్ ఆప్షన్ మీ ఫోన్‌లో కనిపిస్తే ఆన్ చేసి చూడండి. రింగు కదలిక నున్నగా కనపడుతుంది కాబట్టి టైమింగ్ తేలికవుతుంది. బ్యాటరీ మాత్రం తొందరగా దిగిపోతుంది. ఏప్రిల్, మే ఎండలో ఫోన్ వేడెక్కి స్క్రీన్ వెలుగు తగ్గిపోతే నేను మళ్లీ ఆఫ్ చేసేస్తాను.

గో ప్లస్ ప్లస్ గురించి కూడా అడుగుతుంటారు. 2023 జులైలో వచ్చిన ఈ చిన్న డివైజ్ జేబులో ఉంటే తనే బంతులు వేస్తుంది. కానీ దానికి కర్వ్ రాదు, గ్రేట్ త్రో రాదు. మెడల్స్ కోసం దారిలో కనపడినవన్నీ పట్టడానికి బాగుంటుంది. మీకు నిజంగా కావలసిన పోకెమాన్ కనిపిస్తే మాత్రం ఫోన్ బయటికి తీయండి.

పారిపోయేవాటికి వేరే లెక్క

పైన చెప్పిందంతా పోకెమాన్ మన ముందు నిలబడి ఉన్నంతసేపు. డైలీ అడ్వెంచర్ ఇన్సెన్స్ వెలిగించి నడుస్తుంటే ఎప్పుడో ఒకసారి గాలార్ రూపంలో ఉన్న ఆర్టికూనో, జాప్‌డోస్, మోల్ట్రెస్ ఎదురవుతాయి. వీటి బేస్ క్యాచ్ రేట్ 0.3 శాతం. పారిపోయే రేటు 90 శాతం. ఇక్కడ రెండో బంతి వేసే అవకాశం చాలా అరుదు, కాబట్టి ఓపిక, సర్కిల్ లాక్ సాధన అన్నీ ఒక్క బంతిలో చూపించాలి. అల్ట్రా బాల్, గోల్డెన్ రాజ్, కర్వ్, ఎక్సలెంట్ అన్నీ కుదిరితే మామూలు బంతులు పదిహేను ఒక్కదాంట్లో పడ్డట్టు. అయినా లెక్క 4, 5 శాతం దగ్గరే తిరుగుతుంది. పోతే బాధపడొద్దు, అది పోవడానికే వచ్చింది. మాస్టర్ బాల్ మీ దగ్గర ఇంకా ఉంటే దాన్ని రెయిడ్‌లో కాకుండా వీటి కోసమే దాచుకోమంటాను. రెయిడ్ పోకెమాన్‌కి వేలు చాలు.

మావాడికి ఇదంతా చెప్పి, వారం రోజులు ఎర్ర బంతితో, కర్వ్ మాత్రమే వేయమన్నాను. మొదటి రెండు రోజులు బంతులన్నీ స్క్రీన్ బయటికి పోయాయని తిట్టుకున్నాడు. నాలుగో రోజు గ్రేట్ అన్న మాట వరసగా ఆరుసార్లు కనపడిందని స్క్రీన్‌షాట్లు పంపాడు. ఈ ఆదివారం గుడి దగ్గర జిమ్‌లో మళ్లీ రేక్వాజా వచ్చింది. ఏడో బంతికి పడింది. ఆరో బంతి మాత్రం నేరుగానే వేశాడట. ఎందుకురా అంటే, చేతికి చెమట పట్టి వేలు తిరగలేదన్నాడు.